కట్ట మీది కాపలా

ఒక ఊరు, ఆ ఊరికి పడమట ఒక చెరువు. దానికి ఎగువన పై ఊరి చెరువు, ఆ పైన ఇంకొకటి. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్ళు వాగులో పడి కింది చెరువుకు చేరతాయి. గొలుసుకట్టు చెరువులంటారు వీటిని. పాలమూరు, నల్లగొండ, వరంగల్లు వైపు పుట్టినవాళ్ళకు ఇదంతా చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం ఇంకో మాట చెప్పాలి. చెరువున్న ఊళ్ళో నీరటి ఉంటాడు. తూము ఎత్తేదీ దించేదీ అతనే. ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో చూసేదీ, వాన రాత్రి కందిలి పట్టుకుని కట్ట మీద తిరిగేదీ అతనే. నెల జీతమంటూ ఉండదు. పంట చేతికొచ్చాక కల్లం దగ్గర ఒక్కో రైతు ఇంతని కొలిచి పోసే గింజలే అతని బతుకు. వాటిని మేర అంటారు.

ఈ కథలో నీరటి పేరు సాయన్న. అతని తాత నీరటి, తండ్రి నీరటి. భార్య లచ్చమ్మ. ఒక్కడే కొడుకు. కథ నేను అల్లిందే కానీ చెరువు సంగతులు అల్లినవి కావు.

వరసగా వానలు తప్పాయి. మొదటి ఏడు మిరుగం ఒట్టిగా పోయింది, ఆరుద్రలో నాలుగు చినుకులు రాలి దుమ్ము అణిగింది, అంతే. రెండో ఏడు చెరువు అడుగున కాస్త బురద మిగిలితే అందులో బర్రెలు పొర్లాడాయి. మూడో ఏడు ఎండిన చెరువు శిఖంలో పిల్లలు వికెట్లు పాతి క్రికెట్ ఆడారు. సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్ళు చెరువు నడిమధ్య గుంత తవ్వి, బోరు దగ్గర పట్టిన నీళ్ళు బిందెలతో తెచ్చి పోసి, అందులో బతుకమ్మలను వదిలారు. నేల ఆ నీళ్ళను తాగేసింది. ఆడవాళ్ళు ఇల్లు చేరేసరికే గుంతలో పూలు మాత్రం మిగిలాయి.

పంట లేని ఏడు మేర ఎక్కడిది? సాయన్న కొడుకు పెళ్ళాం పిల్లలతో బొంబాయి బస్సెక్కాడు. పాలమూరు కూలీలు కట్టని డ్యాము దేశంలో ఉందా అని ఆ జిల్లా పెద్దవాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. ఊరూరా ఆనకట్టలకు మట్టి మోసినవాళ్ళ సొంత చెరువులేమో ఎండిపోయాయి. పోయేముందు కొడుకు తండ్రి కాళ్ళు మొక్కి, "చెరువు నిండితే కబురు పెట్టు నాయినా, వచ్చేస్త" అన్నాడు. సాయన్న ఆ మాట పట్టుకుని కట్టమైసమ్మ గుడి ముందు కొబ్బరికాయ కొట్టాడు. గుడి అంటే గుడి కాదు. కట్ట మీద వేపచెట్టు కింద పసుపు పూసిన రాయి. "తల్లీ, చెరువు నింపు. నా కొడుకును ఇంటికి తే." అడిగింది ఈ రెండే.

కూలి దొరికిన రోజు సాయన్న కూలికి పోయేవాడు. దొరకని రోజు గడ్డపార, గంప తీసుకుని కట్టకు పోయేవాడు. ఎండిన చెరువుకు కాపలా ఏందని ఊళ్ళో నవ్వారు. అయితే కట్టను చూసుకోవలసింది ఎండినప్పుడే. నీళ్ళున్నప్పుడు ఎండ్రకాయల బొక్క కనబడదు, కనబడేనాటికి అది గండి అవుతుంది. సాయన్న ఒక్కో బొక్కను గడ్డపారతో వెడల్పు చేసి, బోర్లా పడుకుని భుజం దాకా చేయి పెట్టి లోతు చూసేవాడు. ఒండ్రు, ఎర్రమట్టి కలిపి తడిపి జానెడు జానెడు చొప్పున కూరి దిమ్మిసతో కొట్టేవాడు. పైపైన మూస్తే లోపల బోలు మిగిలిపోతుంది. ఆ బోలే ఒక రాత్రి ఊరిని ముంచుతుంది. కట్ట మీద మొలిచిన సర్కారు తుమ్మను వేళ్ళతో సహా పెకిలించేవాడు. పైన నరికి ఊరుకుంటే వేరు లోపల కుళ్ళి నీటికి దారి చేస్తుంది. ఒక్క బొక్కకు ఒక పూట పట్టేది. కట్టేమో అర మైలు.

తూముకు చెక్క బిరడా ఉంది. నీళ్ళలో నానినంత కాలం దానికి భయం లేదు. ఎండకు వదిలేస్తే బీటలిస్తుంది. అందుకని సాయన్న నెలకోసారి దానికి ఆముదం పట్టించేవాడు. లచ్చమ్మకు ఒళ్ళు మండేది అక్కడే.

"ఏమయ్యో, నా నెత్తికి రాసుకుంటానికి సుక్క లేదు. కట్టెకు తాపుతున్నవా ఆముదం?"

"పగిలిపోతదే."

"పగులనియ్యి. నీళ్ళుంటే గద తూముతో పని."

"నీళ్ళొచ్చినాక పట్టిస్తే పడుతదానే?"

లచ్చమ్మ దగ్గర దానికి జవాబు లేదు. ఆముదం సీసా మాత్రం దాచిపెట్టింది. అతను వెతికి తీసుకున్నాడు. ఆమె ఇంకోచోట దాచింది. ఇలా నడిచింది మూడేళ్ళు.

ఊళ్ళో ఒక ఆసామికి వేరే ఆలోచన వచ్చింది. వాగు నుంచి చెరువులోకి నీళ్ళు తెచ్చే కాలువ ఊరికే పడి ఉంది, అందులో నాలుగు సాళ్ళు ఆముదాలు పెట్టుకుంటే తప్పేమిటి? నాగలి కట్టుకుని వచ్చాడు. సాయన్న కాలువలో అడ్డం కూర్చున్నాడు.

"ఏం సాయన్నా, నీళ్ళొస్తయనే అనుకుంటున్నవా ఇంకా?"

"నాకేం తెలుసు పటేలా. వస్తే మాత్రం ఈ తొవ్వనే రావాలె."

ఆసామి తిట్టుకుంటూ నాగలి మళ్ళించాడు. ఇంకో నెలకు వచ్చి మళ్ళీ అడిగాడు. అప్పుడూ అదే జవాబు.

నాలుగో ఏడు పునర్వసు కార్తెలో ఒక వాన పడింది. మంచి వాన. రాత్రంతా కురిసి తెల్లారేసరికి చెరువులో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. ఊరు ఊరంతా కట్ట మీదికి వచ్చింది. ఆడవాళ్ళు పసుపు కుంకుమ వేసి దండం పెట్టారు. అప్పు తెచ్చి నార్లు పోశారు. సాయన్న కొడుక్కి ఫోన్ చేయించాడు. "ఇంకో రెండు వానలు పడనియ్ నాయినా" అన్నాడు వాడు. నాలుగేళ్ళలో వాడికీ తెలివి వచ్చింది.

ఆ రెండు వానలు పడలేదు. మబ్బు వచ్చేది, గాలి వచ్చేది, మబ్బు పోయేది. ఎండ కాసింది. మోకాలి లోతు చీలమండ లోతయింది, ఆపైన బురద, ఆపైన నెర్రెలు. నారు పచ్చగా లేచి, పసుపుపచ్చగా మారి, గడ్డిలా ఎండింది. అసలు పడకపోయి ఉంటే ఇంత బాధ లేదు. మూడేళ్ళ కరువులో చెక్కుచెదరని మనిషిని ఆశ చూపించి లాక్కున్న ఆ ఇరవై రోజులు పడగొట్టాయి.

సాయన్న గంప, గడ్డపార తీసుకుపోయి మైసమ్మ ముందు పడేశాడు.

"ఇగో నీ సామాను. మా తాత నుంచి సేసినం నీకు సాకిరి. ఇచ్చెదానివైతే ఇయ్యి, లేకుంటే లేదను. ఇచ్చి గుంజుకుంటవా? ఇగ నీ కట్ట నువ్వే సూసుకో."

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మరునాడు లేవలేదు, ఆ మరునాడూ లేవలేదు. జ్వరమేమీ లేదు. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు, కట్ట వైపు మాత్రం చూడలేదు.

నాలుగో రోజు పొద్దున లచ్చమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని బయల్దేరింది. మైసమ్మ ముందున్న గంప, గడ్డపార తీసుకుంది. అతను ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి చేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రం ఇంటికొచ్చి, దాచిన ఆముదం సీసా తనే బయటికి తీసి తూము దగ్గరికి వెళ్ళింది.

సాయన్న మంచం మీంచే అడిగాడు. "నీకేమైందే? నువ్వు గద వద్దన్నది?"

"నేను అప్పుడు అలిగిన, ఇప్పుడు నువ్వు అలిగినవ్. ఇద్దరం ఒకటేసారి అలిగితే కట్టకు దిక్కెవరు?"

అతను ఇంకో వారం లేవలేదు. ఆ వారమంతా ఆమే పోయింది. బొక్కలు కూరడం ఆమెకు సరిగ్గా రాదు, దిమ్మిస బరువు మోయలేదు. మత్తడి వైపు రెండుచోట్ల పైపైనే మూసింది. పోయింది మాత్రం నిజం. ఎనిమిదో రోజు అతను లేచి ఆమె వెనకాలే నడిచాడు. మైసమ్మకు దండం పెట్టలేదు. పని మొదలుపెట్టాడు.

ఆ ఏడు బతుకమ్మకు గుంత తవ్వే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్ళు పోసి అందులో వదిలారు. ఆ తరవాత పది రోజులకు, వానల మీద అందరూ ఆశ వదులుకున్న చిత్త కార్తెలో, ఆకాశం తూట్లు పడింది.

ఒక రాత్రి, ఒక పగలు, మళ్ళీ ఒక రాత్రి. సగం రాత్రికి పై ఊరి కుర్రాడెవడో ఫోన్ చేశాడు. వాళ్ళ చెరువు కట్ట తెగింది. ఆ నీళ్ళన్నీ ఇటే వస్తున్నాయి. తమ వాగు వరద చాలదన్నట్టు పై చెరువు మొత్తం మీద పడబోతోంది. సాయన్న టార్చి పట్టుకుని కట్ట వెనక వైపు దిగాడు. నీరటి చూసేది నీళ్ళున్న వైపు కాదు, లేని వైపు. కట్ట అడుగున ఎప్పుడూ కొంత ఊట ఉంటుంది. ఊట తేటగా వస్తే భయం లేదు. ఎర్రగా మారిందంటే లోపల మట్టి కోసుకుపోతోందని గుర్తు. తూము దగ్గర తేటగానే ఉంది. నడుమ తేటగానే ఉంది. మత్తడి వైపు, లచ్చమ్మ పైపైన మూసిన చోట ఎర్రగా ఉంది.

ఊరంతా లేచింది. ఆ ఆసామి తన ఇంట్లో ఉన్న యూరియా ఖాళీ సంచులన్నీ ట్రాక్టర్లో వేసుకొచ్చాడు. పిల్లలు సంచులు పట్టుకుంటే పెద్దలు ఇసుక నింపారు. తెల్లారేదాకా మోశారు. తెల్లారేసరికి ఊట తేటబడింది. కాసేపటికి మత్తడి దూకింది. నాలుగేళ్ళ కింద పుట్టిన పిల్లలు ఆ చప్పుడు వినడం అదే మొదలు. వాళ్ళు భయపడి ఏడ్చారు.

కట్ట నిలిచింది. చెరువు నిండింది. కథ ఇక్కడ ఆపితే బాగుంటుంది గానీ తరవాత జరిగింది కూడా చెప్పాలి. చిత్తలో నీళ్ళొస్తే వానాకాలం పంటకు ఏం లాభం అని ఊళ్ళో గొణిగారు. యాసంగికి నాట్లు వేశారు. సాయన్న కొడుక్కి కబురు పెట్టాడు. వాడు సంక్రాంతికి వచ్చి, చెరువు చూసి, కట్ట మీద ఫొటో దిగి, పిల్లలకు అక్కడ బడి కుదిరిందని చెప్పి వెళ్ళిపోయాడు. తండ్రి అడిగిన రెండింటిలో ఒకటే దక్కింది. కోతలయ్యాక కల్లాల దగ్గర మేర కొలిచారు. ఆ ఆసామి గింజలు కొంచెం తక్కువే కొలిచాడు. నాలుగేళ్ళ బాకీ గురించి ఎవరూ మాట్లాడలేదు. సాయన్నా అడగలేదు. లచ్చమ్మ అడిగింది. ఆసామి నవ్వి ఇంకో రెండు తూముల గింజలు పోయించాడు.

*

ఇక నీతి.

"ఓపిక పడితే దేవుడు తప్పకుండా ఇస్తాడు" అని రాసేస్తే పిల్లల పుస్తకానికి సరిపోతుంది. నాకు చేయి రావడం లేదు. పై ఊళ్ళోనూ మైసమ్మ ఉంది, అక్కడా బోనాలెత్తారు. వాన రెండు ఊళ్ళ మీదా ఒకటే పడింది. మరి ఆ కట్టెందుకు తెగింది? ఆ ఊరి నీరటి రెండో ఏడే పొట్ట చేతబట్టుకుని పట్నం పోయాడు. అతని నమ్మకం తక్కువదని అనడానికి నాకు నోరు రాదు. ఆకలి ముందు ఎవరి నమ్మకం ఎంతో కొలిచే తూనిక మన దగ్గర లేదు. దేవుడు ఆలస్యం చేశాడంటే భక్తిలో లోపముందని తీర్పు చెప్పే అలవాటు మన గుళ్ళలోనూ ఉంది, చర్చిల్లోనూ ఉంది. కష్టంలో ఉన్నవాళ్ళ మీద రాయి వేసే పని అది.

సాయన్న దగ్గర నాకు నచ్చింది అతని ఓపిక కాదు. అతనికి పెద్దగా ఓపిక లేదు కూడా. వాన ఎప్పుడొస్తుందో అతనికి తెలియదు. వస్తుందో రాదో కూడా తెలియదని ఆసామితో ఒప్పుకున్నాడు. వస్తే ఏ దారిన వస్తుందో మాత్రం తెలుసు. ఆ దారిని దున్ననివ్వలేదు. నమ్మకమనేది మనసులో కలిగే ధైర్యమని మనం అనుకుంటాం. అందుకే ధైర్యం చాలని రోజున నమ్మకం పోయిందని బెంగపెట్టుకుంటాం. సాయన్న నమ్మకం బిరడాకు పట్టించిన ఆముదంలో ఉంది. మనసు బాగున్న నెలా పట్టించాడు, బాగాలేని నెలా పట్టించాడు.

మైసమ్మను తిట్టాడు కదా, అది భక్తి ఎలా అవుతుందని అడిగేవాళ్ళుంటారు. వాళ్ళు ఒకసారి గోలకొండ కోటకు వెళ్ళి రామదాసు ఖైదు చూడాలి. రామదాసు అసలు పేరు కంచర్ల గోపన్న, పాల్వంచ పరగణాకు తహసీల్దారు. సర్కారు పన్ను సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. గోలకొండ సుల్తాను తానీషా కాలంలో ఖైదు పడింది, పన్నెండేళ్ళు ఉన్నాడని చెబుతారు. గోడ మీద దేవుళ్ళ బొమ్మలు ఇప్పటికీ చూపిస్తారు. ఆ చెరలో పుట్టాయని చెప్పే కీర్తనల్లో పొగడ్త ఎంత ఉందో నిష్ఠూరం అంత ఉంది. ఏ నగకు ఎంత ఖర్చయిందో లెక్క చెప్పి, ఎవడబ్బ సొమ్మనుకున్నావని దేవుణ్ణి నిలదీశాడు. దెబ్బల బాధకు తిట్టాను, ఏమీ అనుకోకని ఆ నోటితోనే బతిమాలాడు. మూడు శతాబ్దాలుగా తెలుగువాళ్ళు ఆ తిట్లను పూజగదుల్లో పాడుకుంటున్నారు. ఎవరికీ అపచారంగా తోచలేదు. దేవుడు లేడనుకున్నవాడు దేవుడితో పోట్లాడడు. సొంతమనుకున్నవాళ్ళ దగ్గరే అలుగుతాం.

నిష్ఠూరం వేరు, చేతిలో పని వదిలేయడం వేరు. బైబిల్లో యోసేపు కథ ఇందుకే నాకు ఇష్టం. అన్నలు అమ్మేశారు, చెయ్యని తప్పుకు ఐగుప్తు చెరసాలలో పడ్డాడు. అక్కడ రాజుగారి పానదాయకుడికి కల విప్పి చెప్పాడు, నువ్వు బయటికి వెళ్ళాక నా సంగతి రాజుకు చెప్పమని బతిమాలుకున్నాడు. అతను వెళ్ళాడు, మరిచిపోయాడు. తరవాతి అధ్యాయం రెండేళ్ళు గడిచాయన్న మాటతో మొదలవుతుంది. ఆ రెండేళ్ళలో యోసేపు ఏమనుకున్నాడో గ్రంథం ఒక్క ముక్క చెప్పదు. చెరలో ఏం పని చేశాడో అంతకుముందే చెప్పింది. తోటి ఖైదీల బాగోగులు అతని చేతిలో ఉండేవి. రాజు అతనికి ఆ తరవాత అప్పగించిన ధాన్యం కొట్ల పని అంతకంటే పెద్దదే గాని వేరే రకంది కాదు. పదిమంది తిండీ లెక్కా చూసుకునే పనే.

లచ్చమ్మ సంగతి చెప్పకపోతే నీతి సగమే చెప్పినట్టు. నమ్మకం ఒక్కడి భుజం మీద ఉంటే ఏదో ఒకరోజు జారిపడుతుంది. ఇందుకు మన నేల మీదే ఒక నిజమైన సంగతి ఉంది. అమెరికా బాప్టిస్టులు 1836లో తెలుగువాళ్ళ మధ్య పనికి దిగారు, 1840లో నెల్లూరు చేరారు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి మించిన సార్లు చర్చ జరిగింది. పటం మీద ఒంటరిగా కనిపించే ఈ మిషన్‌కు ఒంటరి నక్షత్రం అన్న పేరు నిలిచిపోయింది. అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జూవెట్, అతని భార్య, మరి కొందరు తెలుగువాళ్ళు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థన చేశారు. మొత్తం కలిపి ఐదుగురు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని అడిగారు. ఆ మనిషి, జాన్ క్లౌ, ఒంగోలులో అడుగుపెట్టింది 1866లో. పన్నెండేళ్ళు.

తరవాతి భాగం ఇంకా ఆలోచింపజేస్తుంది. క్లౌ రాకముందూ, వచ్చాక కూడా పల్లె పల్లె తిరిగింది ఎక్కువగా తెలుగువాళ్ళే. తాళ్ళకొండపాడు మాదిగ పేట నుంచి వచ్చిన ఎర్రగుంట్ల పేరయ్య వాళ్ళలో పెద్ద. దొర పేరు పుస్తకాలకెక్కింది, పేరయ్య నడిచిన దారులు తెలిసినవాళ్ళు తక్కువ. 1876లో పెద్ద కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వస్తుంటే ఆపేశాడు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు పని నడిచినన్నాళ్ళూ ఎవరికీ ఇవ్వలేదు. నలభై ఏళ్ళు ఎదురుచూసిన ఫలం చేతికందే వేళ తనే ఇంకొంత కాలం జరిపాడు. పని ముగిశాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను అద్భుతమని చెప్పుకునేవాళ్ళున్నారు. మాదిగ పేటలు తమ మర్యాద కోసం వేసిన అడుగుగా చూసేవాళ్ళున్నారు. రెండూ నిజమే అయ్యుండవచ్చు. కొండ ఎక్కిన ఐదుగురిలో ఒకరు డీలా పడిన రోజున ఇంకొకరు లేచి ఉండకపోతే, అసలు ఆ లెక్క పుట్టేదే కాదని నా నమ్మకం.

మన చెరువుల కథ కూడా ఇంతే. కాకతీయ రాజు గణపతిదేవుడి కాలంలో, 13వ శతాబ్దంలో కట్టిన రామప్ప, పాకాల చెరువులు ఈనాటికీ పొలాలకు నీళ్ళిస్తున్నాయి. కట్టించినవాళ్ళ పేర్లు శాసనాల్లో ఉన్నాయి. ఎనిమిది వందల ఏళ్ళుగా ఏటా బొక్కలు పూడ్చినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. వాళ్ళలో చాలామంది తమ హయాంలో మత్తడి దూకడం చూడకుండానే కొన్ని కరువుల్లో కాలం వెళ్ళదీసి ఉంటారు. అడిగింది సగమే దక్కిన సాయన్న కంటే వాళ్ళకు దక్కింది ఇంకా తక్కువ. దేవుడి మీద నమ్మకం లాభసాటి బేరమని ఎవరైనా మీకు చెబితే, ఈ పేరులేని నీరటుల ఖాతా చూపించమనండి.

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాం. సర్కారు ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం హైదరాబాదు అశోక్‌నగర్ గదుల్లో ఏళ్ళ తరబడి చదువుతున్న పిల్లలున్నారు. పరీక్ష రద్దయింది, మళ్ళీ రాశారు, మళ్ళీ కేసు పడింది. అమెరికాలో గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డవాళ్ళలో మనవాళ్ళు ఎందరో. అమ్మ పోయినా వచ్చి వెళ్ళాలా వద్దా అని లెక్కలు వేసుకునే పరిస్థితి. పెళ్ళయి పదేళ్ళయినా పిల్లలు లేని ఆలుమగలు, శ్రీమంతం పిలుపు వస్తే పోవడం మానుకున్నవాళ్ళు. డయాలసిస్ బెడ్డు మీద వారానికి రెండు మూడుసార్లు నాలుగేసి గంటలు పడుకుని కిడ్నీ కోసం చూసేవాళ్ళు. వీళ్ళలో ఏదో ఒకరోజు పునర్వసు వాన పడని వారు లేరు. ఇంటర్వ్యూ దాకా వెళ్ళి పోతుంది, మూడో నెలలో కడుపు పోతుంది, కిడ్నీ కుదిరిందని చెప్పి కాదంటారు. అసలు ఆశే లేని రోజులకంటే ఆశ వచ్చి పోయిన మరునాడు బరువు. ఆ రోజు గోడవైపు తిరిగి పడుకుంటే పడుకోనివ్వండి. దేవుణ్ణి తిడితే తిట్టనివ్వండి. ఆయనకు రామదాసు దగ్గరే అలవాటైంది.

అలాంటివాళ్ళు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉంటే ఒక్క మనవి. దేవుడి సమయం వేరు, మన సమయం వేరు అని వాళ్ళకు చెప్పకండి. వాళ్ళకది మీకంటే బాగా తెలుసు. చదువుకునే కుర్రాడికి నెల మెస్సు బిల్లు కట్టండి. డయాలసిస్‌కు ఒక వారం మీ బండి మీద తీసుకెళ్ళండి. పిల్లలు లేని ఆమెను పిలిచి, ఆ ఊసెత్తకుండా ఒక పూట అన్నం పెట్టండి. వాళ్ళు పూజ చేసుకోలేని రోజున వాళ్ళ దీపం మీరు వెలిగించండి, ప్రార్థన రాని రోజున వాళ్ళ తరఫున మీరు మోకరించండి. మీ పని సరిగ్గా కుదరకపోవచ్చు, పైపైనే పడవచ్చు. ఫరవాలేదు, రేపే వెళ్ళండి.